పద్యం పరుగు, పాట నడక

లొరీనా మెకెనిట్ పాడిన ‘ది హైవేమన్’ 10 నిమిషాలు దాటి సాగుతుంది. పల్లవి ఉండదు. ఒకటే బాణీ మీద చరణం వెనక చరణం వస్తూ ఒక దారిదోపిడీ దొంగ, అతన్ని ప్రేమించిన సత్రం యజమాని కూతురు బెస్, వాళ్లిద్దరి చావు మన ముందుకొస్తాయి. 1997లో వచ్చిన ‘ది బుక్ ఆఫ్ సీక్రెట్స్’ ఆల్బంలో ఇది ఐదోది. ఈ కెనడా గాయనిని అభిమానించేవాళ్లలోనే దీని మీద రెండు పక్షాలున్నాయి. ఆమె పాడినవాటిలో ఇదే తలమానికమంటుంది ఒక పక్షం. ఇది మొదలవగానే తర్వాతి పాటకు దాటేస్తుంది రెండోది. పరవాలేదు అని ఊరుకునేవాళ్లు అరుదు.

ఈ తగువు ఒక్క పాటతో పోయేది కాదు. కాగితం మీద పుట్టిన పొడుగాటి కథాకవితను ఎవరైనా జానపద బాణీలో పాడినప్పుడల్లా దాదాపు ఇవే మాటలు వింటాం. మరీ పొడుగంటారు. ఎంతసేపూ ఒకటే బాణీ అంటారు. పద్యాన్ని కోసేశారని ఒకరు, పద్యాన్ని పట్టుకుని వేలాడారని ఇంకొకరు. బడిలో బట్టీపట్టిన పద్యానికి ఇన్నాళ్లకు ప్రాణం వచ్చిందని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఇదంతా నిడివి మీద నడుస్తున్న వాదనలాగే కనిపిస్తుంది. అసలు గొడవ వేగం దగ్గరుందని నా అభిప్రాయం. మంచి కథాకవిత తన వేగాన్ని తన ఛందస్సులోనే తెచ్చుకుంటుంది. బాణీ మరో వేగాన్ని తెస్తుంది. ఆ రెండూ కుదిరితే పదకొండు నిమిషాలైనా తెలియకుండా గడుస్తాయి, కుదరకపోతే మూడో నిమిషానికే శ్రోత గడియారం చూసుకుంటాడు.

ముందు పద్యం సంగతి. ఆల్ఫ్రెడ్ నోయ్స్ ‘ది హైవేమన్’ 1906 ఆగస్టులో ‘బ్లాక్‌వుడ్స్ మ్యాగజీన్’లో అచ్చయింది. అప్పటికి ఆయన ఇరవైల్లో ఉన్న కుర్రవాడు. ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతపు బ్యాగ్‌షాట్ మైదానాల అంచున ఉండగా, ఒక రాత్రి పైన్ చెట్ల మీది గాలి హోరులోంచి మొదటి పాదం తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. పదిహేడు చరణాలు, చరణానికి ఆరు పాదాలు. మొదటి మూడు పాదాలూ చివరిదీ నిడుపైనవి. నాలుగు, అయిదు పాదాలు పొట్టివి, దాదాపు ఒకదాన్నొకటి ప్రతిధ్వనించేవి. పొడుగు పాదాలు దౌడు తీస్తాయి, ఆ రెండు పొట్టి పాదాల దగ్గర గుర్రం కళ్లెం బిగించినట్టు ఆగుతుంది, మళ్లీ ఆరో పాదంలో వదులుతుంది. ఈ ఆగడం, వదలడం పైకి చదివినవాడి నాలుకకు వెంటనే తెలుస్తుంది. అందుకే బడిపిల్లలకు ఇది ఇట్టే నోటికొస్తుంది. 1995లో బీబీసీ జనానికి బాగా నచ్చిన పద్యాలేవని ఓటింగ్ పెడితే దీనికి 15వ స్థానం దక్కింది.

కథ తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. బంగారం దోచుకుని తెల్లారేలోగా తిరిగొస్తానని, పగలు కుదరకపోతే రాత్రి వెన్నెల్లో తప్పక వస్తానని బెస్‌కు మాటిచ్చి వెళ్తాడు దొంగ. మర్నాడు అతనికి బదులు రాజుగారి సైనికులు సత్రానికి వస్తారు. బెస్‌ను మంచానికి కట్టేసి, గుండెకు తుపాకి ఆనేలా బిగించి, కిటికీ దగ్గర దొంగ కోసం కాపు కాస్తారు. ఆమె కట్లలో చేతులు మెలితిప్పి మెలితిప్పి చివరికి తుపాకి మీటను అందుకుంటుంది. గుర్రపు డెక్కల చప్పుడు దగ్గరపడగానే మీట నొక్కి, తన చావుతో అతన్ని హెచ్చరిస్తుంది. అతను తప్పించుకుంటాడు. తెల్లారాక ఆమె ఎలా చనిపోయిందో విని వెర్రికోపంతో వెనక్కి దూసుకొచ్చి నడిరోడ్డు మీద తూటాలకు కూలిపోతాడు. చలికాలపు రాత్రుల్లో ఇప్పటికీ ఆ ఇద్దరూ అక్కడ కలుసుకుంటారన్న మాటతో పద్యం ముగుస్తుంది.

దీన్ని గిటార్ మీద పాడినవాళ్లలో చెప్పుకోదగ్గవాడు ఫిల్ ఓక్స్. వియత్నాం యుద్ధాన్ని ఎదిరించిన అమెరికన్ గాయకుడాయన. 1965 నాటి ‘ఐ ఎయింట్ మార్చింగ్ ఎనీమోర్’ ఆల్బంలో దీన్ని పెట్టాడు. నిడివి ఆరు నిమిషాలకు లోపే. ఆ ఆల్బం నిండా యుద్ధం మీద, వర్ణవివక్ష మీద, ఉరిశిక్ష మీద పాటలు. వాటి మధ్య పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిషు దొంగ ప్రేమకథకు ఏం పని అని అడిగేవాళ్లు అప్పటికీ ఇప్పటికీ ఉన్నారు. నాకు అది సరైన చోటే అనిపిస్తుంది. యూనిఫాం వేసుకున్న మనుషులు ఒక ఇంట్లో జొరబడి, ఆడపిల్లను కట్టేసి, ఎరగా వాడుకుంటారు. ఆ చుట్టుపక్కల పాటల వల్ల ఎర్రకోటు సైనికులు 1965 నాటి సైనికుల్లా వినిపిస్తారు. పైగా ఓక్స్ బాణీకి అలంకారాలు తక్కువ. గిటార్ వేళ్ల మీద గబగబా నడుస్తుంది, గొంతు వార్త చెప్పినట్టు కథను ముందుకు తోస్తుంది. పద్యపు వేగమూ పాట వేగమూ పక్కపక్కనే పరుగెత్తుతాయి. ఓక్స్ మీద నిడివి గురించిన ఫిర్యాదు తక్కువగా వినిపించడానికి కారణం ఇదేననుకుంటాను. ఆయన మీద వచ్చే విమర్శ వేరు: గాలి, చీకటి, వెన్నెల, చిత్తడి నేల, ఇవేవీ పాటలో లేవని, కథ మాత్రమే మిగిలిందని. అది నిజమే.

ఓక్స్ వదిలేసిన ఆ గాలీ వెన్నెలా మెకెనిట్ పాట నిండా ఉన్నాయి. హార్ప్ తీగలు, వయొలిన్, మంద్రంగా సాగే తాళవాద్యాలు కలిసి మొదటి చరణానికి ముందే ఒక రాత్రిని కట్టేస్తాయి. ఆమె గొంతు ఎత్తుల్లోకి వెళ్లినా అదరదు, తొందరపడదు. కొన్ని చరణాలు తీసేసినా, మిగిలినవాటి మధ్య వాద్యాలకు చోటిస్తూ కథను తాపీగా విప్పుతుంది. గుర్రపు దౌడు ఇక్కడ లేదు. ఎప్పుడో జరిగిపోయినదాన్ని తలుచుకుంటున్నట్టు ఉంటుంది. నోయ్స్ పద్యం చివర దయ్యాలకు దక్కే ఆ వెనకటి కాలపు స్వరాన్ని ఆమె మొదటి చరణం నుంచే అందుకుంది. ఇదొక వ్యాఖ్యానం. పద్యాన్ని ఇలా అర్థం చేసుకునే హక్కు ఆమెకుంది. కానీ పద్యాన్ని నాలుక మీద పెట్టుకుని వచ్చిన శ్రోతకు ఇక్కడ ఊపిరాడదు. అతని లోపల గుర్రం పరుగెడుతుంటుంది, బయట పాట నడుస్తుంటుంది. ఆ రెండు పొట్టి పాదాల దగ్గర ఉత్కంఠగా ఆగాల్సిన చోట బాణీ అప్పటికే నెమ్మదిగా ఉండటం వల్ల ఆ విరుపు చప్పబడుతుంది. విసుగని అతను పేరు పెట్టేది దీనికే.

ఈ విసుగుకు ఇంకో కారణం పాటకు బయట ఉంది. ఈ ఆల్బం లక్షల ఇళ్లకు చేరిందంటే అందుకు ‘ది మమ్మర్స్ డాన్స్’ కారణం. నాట్యపు ఊపుతో రీమిక్స్ చేసిన ఆ పాట 1998లో అమెరికా పాప్ జాబితాలో 18వ స్థానం దాకా ఎక్కింది. రేడియోలో ఆ హుషారు విని సీడీ కొన్నవాళ్లకు రెండో పాటగా అది దొరికింది. ఆ తర్వాత ఐర్లండ్ మఠాల మీద ఒకటి, మార్కోపోలో పేరు మీద మాటల్లేని సంగీతం ఒకటి. అవి దాటగానే పది నిమిషాల ఇంగ్లిషు దొంగ కథ. తూర్పు దేశాల దారుల వెంట తిరిగే ఆల్బంలో ఇంగ్లండ్ బడి పద్యం ఏమిటని వాళ్లు తెల్లబోవడంలో ఆశ్చర్యం లేదు. అదే కెనడాలో పెరిగినవాళ్ల మాట వేరు. 1985లో వాళ్ల టీవీలో వచ్చిన ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’లో ఆన్ వేదికెక్కి ఈ పద్యమే చదువుతుంది. ఆ పద్యం వాళ్లకు చుట్టం. ఒకే పాట ఒక ఇంట్లో అతిథిగా, మరో ఇంట్లో బంధువుగా అడుగుపెట్టింది. శ్రోతల అభిప్రాయాల్లో కనిపించే తేడాలో చాలా భాగం సంగీత జ్ఞానం వల్ల కాక ఈ పరిచయం వల్లే వచ్చిందని నమ్ముతాను.

మెకెనిట్‌కు ఇది కొత్త సాహసం కాదు. 1985లో ‘ఎలిమెంటల్’ ఆల్బంలో యేట్స్ కవిత ‘ది స్టోలెన్ చైల్డ్’కు బాణీ కట్టింది. 1991లో ‘ది విజిట్’ ఆల్బంలో టెన్నిసన్ ‘ది లేడీ ఆఫ్ షాలట్’ పాడింది. ఇది పదకొండు నిమిషాలు దాటుతుంది, అంటే ‘హైవేమన్’ కన్నా పొడుగు. వాద్యాలూ తక్కువే, కథ ఇంకా తక్కువ. ఇక్కడా కొన్ని చరణాలు వదిలేసింది. అయినా దీన్ని తప్పుపట్టేవాళ్ల గొంతు అంత గట్టిగా వినిపించదు. నిడివే దోషమైతే ముందు దీన్ని తిట్టాలి కదా.

కారణం వెతికితే పద్యంలోనే దొరుకుతుంది. టెన్నిసన్ దీన్ని 1832లో అచ్చువేసి, తిరగరాసి 1842లో మళ్లీ వేశాడు. పందొమ్మిది చరణాలు. చరణంలో అయిదో పాదం ఇంచుమించు ప్రతిసారీ ఆర్థర్ రాజు ఊరి పేరు దగ్గరికి, తొమ్మిదో పాదం షాలట్ దీవి పేరు దగ్గరికి వచ్చి వాలుతుంది. మన శతకాలకు మకుటం ఎలాగో దీనికి ఈ రెండు పేర్లు అలాగ. పాడేవాళ్లు పల్లవిని విడిగా అల్లుకునే పనిలేదు, కవే అమర్చిపెట్టాడు. ఇక కథ. ఒక శాపం వల్ల ఆ యువతి లోకాన్ని నేరుగా చూడకూడదు. అద్దంలో నీడలు చూస్తూ నేత నేస్తూ బతుకుతుంది. ఆర్థర్ కొలువులోని వీరుడు లాన్సలాట్ అద్దంలో మెరవగానే కిటికీ వైపు మూడడుగులు వేసి చూస్తుంది, అద్దం పగులుతుంది. ఆ తర్వాత పడవలో పడుకుని, పాడుకుంటూ, నదివాలులో కొట్టుకుపోతూ చనిపోతుంది. పరుగెత్తే ఘట్టం ఒక్కటీ లేదు. చావు కూడా నది వేగంతో వస్తుంది, అదీ పాట పాడుతూ వస్తుంది. ఇలాంటి పద్యానికి మారని బాణీ, తొణకని గొంతు సొంత ఆస్తిలా అమరాయి. బీబీసీ ఓటింగ్‌లో దీనిది రెండో స్థానం, కిప్లింగ్ ‘ఇఫ్’ తర్వాత. అంతగా నోళ్లలో నానిన పద్యాన్ని తాకి కూడా ఆమె బయటపడిందంటే బాణీ ఎంపికే ఆమెను కాపాడింది.

ఒకటే బాణీ అన్న ఫిర్యాదును ఇంగ్లిషు జానపదం ముందు పెడితే నిలవదు. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో పోగుచేసిన 305 కథాగేయాల్లో చాలావరకు అలా పాడినవే. రాబిన్‌హుడ్ మీది ఒక గేయం నాలుగు వందల యాభై చరణాలు దాటుతుంది. అయితే ఆ పాతవాటిలో భాష పలచన. ఒకే మాట రెండుసార్లు, మూడుసార్లు వస్తుంది, వర్ణన ఉండదు, సంభాషణతో కథ నడిచిపోతుంది. వినేవాడికి ఆలోచించుకోవడానికి ఖాళీ దొరుకుతుంది. నోయ్స్ రాసింది పత్రిక పాఠకుడి కోసం. ప్రతి పాదంలోనూ ఉపమానం ఉంది, రంగు ఉంది, చప్పుడు ఉంది. చెవితో వినేవాడు ఒక్కదాన్ని ఊహించుకునేలోగా మరొకటి వచ్చిపడుతుంది. ఆ చిక్కదనానికి మెకెనిట్ నెమ్మది కొంత మేలే చేసిందని ఒప్పుకోవాలి. పద్యం ఎన్నడూ చదవని శ్రోతలు, ఇంగ్లిషు సొంత భాష కాని శ్రోతలు ఆమె పాటలోనే కథను మొదటిసారి పూర్తిగా అందుకోగలిగారు. వాళ్లకు ఓక్స్ పాట చేజారిపోతుంది.

మన వైపు ఈ చిక్కును వేరే విధంగా విప్పుకున్నారు. రాయలసీమ తోలుబొమ్మలాట కళాకారులు రంగనాథ రామాయణం ద్విపదలను తెర వెనక పాడతారు. అదీ గ్రంథమే, పొడుగాటిదే, ఒకే ఛందస్సులో ఉన్నదే. రాత్రంతా ద్విపదే పాడితే జనం లేచిపోతారని వాళ్లకు తెలుసు. పాదాల మధ్యలోకి వచనం వస్తుంది, రాముడూ రావణుడూ వాదులాడుకుంటారు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊళ్లో సంగతులు ఏకరువు పెట్టి నవ్విస్తారు. మళ్లీ ద్విపద అందుకుంటారు. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా వంతలు నిలబడేది కూడా ఇందుకే. ఒకరు రాజకీయం చెబుతారు, ఒకరు హాస్యం చేస్తారు, ఇద్దరూ కథకుడి పాదాన్ని అందుకుని నిలబెడతారు. నాజర్ ‘పల్నాటి యుద్ధం’ చెబుతుంటే పాట, వచనం, వీరావేశపు కేక, వెక్కిరింత ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. పల్నాటి కథే శ్రీనాథుడి పేర మంజరీ ద్విపదలో ఉంది, కారెంపూడిలో వీరవిద్యావంతుల నోట ఉంది, బుర్రకథలోనూ ఉంది. ఏ ఒక్క చోటా అది ఒకే గొంతు, ఒకే బాణీ మీద ఆధారపడి బతకలేదు.

అలాగని మెకెనిట్ కూడా మధ్యలో ఆపి వచనం చెప్పాల్సిందని నేననను. రికార్డింగు గదిలో హాస్యగాడు ఇమడడు, ఆమె సంప్రదాయంలో వంతలు లేరు. ఆమె చేతిలో ఉన్న సాధనం ఒక్కటే: వాద్యాలు, గొంతు కలిసి ఘట్టానికి తగ్గట్టు మారడం. అది ఎంత మారిందన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న, ఇక్కడే నేను విమర్శించేవాళ్ల పక్షం చేరతాను.

సైనికులు సత్రంలోకి వచ్చిన ఘట్టం చూడండి. వాళ్లు అక్కడి బీరు తాగుతారు. బెస్ నోట్లో గుడ్డ కుక్కుతారు, వెకిలి నవ్వులు నవ్వుతూ ఆమెను నిలబెట్టి కట్టేస్తారు, ముద్దు పెడతారు. నోయ్స్ ఇక్కడ భాషను మొరటు చేశాడు. పద్యంలో అందాకా ఉన్న వెన్నెల ఒక్కసారిగా చేదవుతుంది. పాటలో మాత్రం అదే బాణీ, అదే తీయదనం. ఆడపిల్ల మీద జరుగుతున్న దౌర్జన్యం హార్ప్ తీగల మీద అందంగా తేలిపోతోందన్న ఇబ్బంది కొందరు శ్రోతలకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, కలుగుతుంది. దాన్ని అతి సున్నితమని కొట్టిపారేయలేను. నెమ్మదిగా పాడటం తప్పు కాదు. నెమ్మదిలోనే భయం పుట్టించవచ్చు: వాద్యాలన్నీ ఆపేసి గొంతును ఒంటరిగా వదిలితే చాలు. ఆమె చేయగల పనే అది. ఇక్కడ చేయలేదు. బెస్ వేలు తుపాకి మీట కోసం చీకట్లో తడుముకునే క్షణాల్లో కూడా సంగీతం మనల్ని ఓదారుస్తూనే ఉంటుంది. ఓదార్పు దక్కాల్సింది అక్కడ కాదు.

మెచ్చుకునేవాళ్ల జవాబు నాకు తెలుసు. కథాగేయానికి నిర్వికారమే అందం, పాడేవాడు ఏడవకూడదు, చంపినా పెళ్లి చేసినా ఒకటే గొంతుతో చెప్పాలి, అప్పుడే వినేవాడు తనంతట తాను ఏడుస్తాడు అంటారు. చైల్డ్ సంకలనంలోని పాత గేయాలకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. కానీ అక్కడ వాద్యం ఉండదు, ఉన్నా తోడుగా ఒకటి. నిర్వికారమైన గొంతు చుట్టూ ఇంత సోయగమైన సంగీతం చేరాక అది నిర్వికారంగా మిగలదు, ఒక భావాన్ని ఎంచుకున్నట్టే అవుతుంది. 1998 కచేరీలలో రికార్డు చేసిన ‘లైవ్ ఇన్ పారిస్ అండ్ టొరంటో’లో ‘హైవేమన్’, ‘షాలట్’ రెండూ ఉన్నాయి. ఒకే రాత్రి వాటిని పక్కపక్కన పెట్టి వినండి. ఒకే గొంతు, ఒకే వాద్యబృందం. మొదటిదాంట్లో ఎక్కడ మనసు జారిందో రెండోది విన్నాక స్పష్టంగా తెలుస్తుంది.

దొంగను నాయకుణ్ణి చేశారన్న అభ్యంతరం మీద నేను ఎక్కువ మాట్లాడను. తెలంగాణలో సర్వాయి పాపన్న కథను తరాలుగా పాడుకున్నారు, 1874లోనే జె.ఎ. బాయిల్ ఆ గేయాన్ని ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో పరిచయం చేశాడు. మొగలాయి అధికారులకు బందిపోటు, పాడుకున్న జనానికి సర్దారు. అలాంటి గేయానికి వినేవాళ్ల కులం, ఊరు, ఆకలి వెన్నెముకగా నిలబడ్డాయి. నోయ్స్ దొంగకు అలాంటి జనం ఎవరూ లేరు. అతను ఎవరిని దోచాడో, ఎందుకు దోచాడో పద్యం చెప్పదు. లేసు, వెల్వెట్, చేతికత్తి మెరుపు తప్ప అతని గురించి మనకేం తెలియదు. పద్యంలో నిజంగా బతికున్న మనిషి బెస్ ఒక్కతే. పాడేవాళ్లు ఎవరైనా ఆమె వైపు నిలబడి పాడాలి.

ఈ మాట అంటుంటే గురజాడ రెండు కథాగేయాలు మనసులో మెదులుతాయి. ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’, ‘కన్యక’ రెండింటిలోనూ ఆడపిల్ల ప్రాణం తీసుకుంటుంది, రెండూ పాడటానికి వీలైనవే. వీటిని రికార్డు కోసం పూర్తి నిడివితో పాడాలనుకునే గాయకులకు నేను చెప్పగలిగింది ఇది. పూర్ణమ్మను ఒకే బాణీ మీద పాడండి. డబ్బుకు ఆశపడి ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల అయినవాళ్లకు అప్పగింతలు చెప్పుకుని దుర్గ గుడి వైపు వెళ్లే ఆ కథ అలాంటి నడకనే కోరుకుంటుంది, షాలట్ పడవలాగే. కన్యకను మాత్రం అలా పాడకండి. అందులో నడివీధిలో దారికడ్డం పడిన రాజు ఉన్నాడు, తలలు వంచుకున్న పెద్దలు ఉన్నారు, మంట ముందు నిలబడి ఊరందరినీ నిలదీసే పిల్ల ఉంది. దానికి కనీసం ఇద్దరు వంతలు కావాలి, డక్కీ కావాలి, ఆ పిల్ల నిలదీసేటప్పుడు మిగతావన్నీ ఆగిపోవాలి.